కదిలేదానికీ కదలనిదానికీ నడుమ

మూడోసారి అదే కారు అదే ఫిర్యాదుతో షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలిచినప్పుడు మేస్త్రి తలెత్తి చూడలేదు. ఆ ఇంజను చప్పుడు ఆయనకు సొంతమనిషి దగ్గు తెలిసినంతగా తెలుసు. చూడవలసిన అవసరం లేకనో, చూడడానికి మొహం చెల్లకనో ఆయన తేల్చుకునేలోపే బావమరిది నోరు తెరిచాడు.

"బావా, మన చుట్టం మళ్ళీ వచ్చింది. ఈసారి మంచం వేసి దుప్పటి కూడా పరుద్దామా?"

"నోర్మూసుకుని బానెట్ ఎత్తు."

కారు దిగినావిడ కొండ దిగువ ఆరోగ్య కేంద్రంలో నర్సు. యాభై దాటిన మనిషి. పద్నాలుగేళ్ళుగా వారానికి రెండుసార్లు సొంత కారులో కొండెక్కి, పైనున్న ఎనిమిది ఊళ్ళలో గర్భిణులను చూసి, బరువులు తూచి, రక్తం తీసుకుని సాయంత్రానికి దిగివస్తుంది. ఆవిడ తలుపు వేసే పద్ధతిలోనే ఆ రోజు కోపం వినిపించింది.

"పోయిన వారం మళ్ళీ అక్కడే ఆగింది మేస్త్రీ. మూడో మలుపు దగ్గర."

"ఆగిందా, లాగలేదా?"

"లాగలేదు. ఎంత తొక్కినా కాళ్ళీడ్చుకుంటూ పాకింది. పక్కకు ఆపి, తాళం తీసి, మళ్ళీ స్టార్ట్ చేశాను. ఏమీ ఎరగనట్టు పైకెళ్ళింది."

"ఆ మూడో మలుపుకు మన షెడ్డంటే కోపం బావా," అన్నాడు బావమరిది. "వీధిలో అందరూ అదే అంటున్నారు, అక్కడేదో ఉందని."

"ఉంది. వాలు ఉంది. ఆ దారి మొత్తంలో అంత నిటారైన చోటు మరొకటి లేదు. ఇంజను మీద బరువు పడేది అక్కడే."

నర్సమ్మ చేతిసంచీలోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. ఆరోగ్య శాఖ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం. వాహనం మూడు పర్యాయాలు మార్గమధ్యంలో మొరాయించినందున, అందుకు కారణాన్నీ అది పునరావృతం కాబోదన్న హామీనీ శుక్రవారంలోగా రాతపూర్వకంగా సమర్పించవలెననీ, అలా సమర్పించని పక్షంలో కొండ మీది సందర్శనలు నెలకొకసారి వెళ్ళే పెద్ద వాహనానికి అప్పగించబడుననీ అందులో ఉంది.

"నెలకొకసారంట," అందావిడ. "పైన నెలలు నిండినవాళ్ళు ముగ్గురున్నారు. ఆ పిల్లలు నెలకొకసారి వచ్చే బండి కోసం లోపలే కూర్చుంటారా? పైగా నాకు నడపడం రాదని కూడా అంటున్నారు ఆఫీసులో."

మేస్త్రి చూపు మరమ్మతుల వివరాలు రాసే జాబు కార్డుల వైపు మళ్ళింది. కిందటిసారి కారు అప్పగిస్తూ, "గేరు కాస్త ముందే మార్చండమ్మా," అని ఆయనే అన్నాడు. జాబు కార్డు మీద "టర్బో లోపం, కొత్తది వేయబడినది" అని గుండ్రటి అక్షరాలతో రాసిందీ ఆయనే. ఆ కొత్త టర్బోకు ఇప్పుడు నాలుగు వారాల వయసు.

"ఇవాళ మంగళవారం. శుక్రవారానికి చెబుతాను," అన్నాడు.

"ఏం చెబుతారు?"

"కారణం."

ఆ వీధిలోని మిగతా మెకానిక్కులు ఆయన్ని ఇస్త్రీ మేస్త్రి అని పిలిచేవారు. ముప్ఫై నాలుగేళ్ళ వృత్తిలో ఆయన చెయ్యి పడ్డ ఏ కారు బానెట్ ఎత్తినా లోపల వైర్లూ, రబ్బరు గొట్టాలూ గీత గీసినట్టు వరసగా, జానెడుకొక నల్లటి ప్లాస్టిక్ టైతో బిగించి, టై కొసలు గోళ్ళు కత్తిరించినట్టు కత్తిరించి ఉండేవి. వెక్కిరింపుగా పెట్టిన ఆ పేరును ఆయన బిరుదుగానే స్వీకరించాడు. చిందరవందరగా ఉన్న చోట తప్పు దాక్కుంటుందనీ, తీరుగా ఉన్న చోట దానికి దాగే చోటు ఉండదనీ ఆయన నమ్మకం. నమ్మకాలను నమ్మని మనిషికి అదొక్కటి మిగిలింది.

నర్సమ్మ ఆరోగ్య కేంద్రానికి నడిచివెళ్ళగానే ఆయన స్కానరు తగిలించాడు. కారులోని కంప్యూటరు దాచుకున్న తప్పు పాతదే: అడిగినంత గాలి రావడం లేదు.

టర్బో చేసే పని చెప్పడానికి తేలిక. పొగగొట్టంలోంచి బయటికి పారిపోయే వేడి వాయువుతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీదున్న మరో చక్రం బయటి గాలిని ఒత్తిడితో ఇంజనులోకి తోస్తుంది. ఎంత తొయ్యాలన్నది పొగ వైపు చక్రం చుట్టూ ఉన్న రెక్కలు నిర్ణయిస్తాయి. ఆ రెక్కలను కదిలించేది టర్బో పక్కనున్న డబ్బాలోంచి వచ్చే కడ్డీ. డబ్బాలో వాక్యూమ్, అంటే గాలి పీల్పు, చేరితే కడ్డీ లోపలికి పోయి రెక్కలు దగ్గరవుతాయి, ఒత్తిడి పెరుగుతుంది. ఆ వాక్యూమ్‌ను కొలిచి పంపేది కారు బాడీకి బిగించిన ఒక చిన్న వాల్వు. వాల్వు నుంచి డబ్బా దాకా మూరెడు రబ్బరు గొట్టం. ఇంజనుకు కావలసిన గాలి అందకపోతే కంప్యూటరు భయపడి, హాని జరగకుండా బలమంతా తగ్గించేస్తుంది. తాళం తీసి మళ్ళీ వేస్తే ఆ భయం మరిచిపోతుంది. నర్సమ్మ కారు ఏమీ ఎరగనట్టు పైకెళ్ళింది అందుకే.

చేతిపంపుతో డబ్బాకు వాక్యూమ్ ఎక్కించాడు. కడ్డీ వెన్నలో చాకులా లోపలికి పోయింది. ఐదు నిమిషాలు చూసినా వాక్యూమ్ పిసరంత తగ్గలేదు. వాల్వును విప్పి చూశాడు, సవ్యంగానే పలికింది. గాలి గొట్టాల్లోకి పొగ పెట్టి చూశాడు, ఎక్కడా బయటికి రాలేదు. షెడ్డులో నిలబెట్టి ఎన్ని ప్రశ్నలు వేసినా ఆ యంత్రం పరీక్ష రాసే మంచి పిల్లలా అన్నిటికీ సరైన జవాబే చెప్పింది.

ఇల్లు షెడ్డుకు పైనే. మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన కంచంలో వేళ్ళు పెట్టుకుని కూర్చుంటే భార్య చూసింది. ఆవిడ ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి.

"అన్నంలో కూడా ఒత్తిడి కొలుస్తున్నారా ఏంటి?"

"కొత్త టర్బో వేశాను. మూడు వారాలు బాగానే ఉంది. మళ్ళీ అదే తప్పు."

"పాతది తీసి కొత్తది పెట్టినా జవాబు మారలేదంటే, తప్పు మీరు మార్చినదాంట్లో లేదు కదండీ. మార్చనివి ఏంటి?"

"ఇంజను. వాల్వు. గొట్టాలు. నేను."

"చివరిదాన్ని కూడా జాబితాలో ఉంచండి," అని ఆవిడ మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపింది. పక్కనే తింటున్న బావమరిది పక్కున నవ్వి పొలమారాడు.

బుధవారం పొద్దున ముగ్గురూ కొండెక్కారు. నర్సమ్మే నడిపింది. వెనక సీట్లో బావమరిది స్కానరు పట్టుకున్నాడు. మేస్త్రి వాల్వు పక్కనే, గొట్టం మొదట్లో ఒక మూడు నోళ్ళ ముక్క వేసి, అక్కడి నుంచి పొడుగాటి సన్న గొట్టాన్ని కిటికీలోంచి లోపలికి తెచ్చి, వాక్యూమ్ గేజ్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎంత అడుగుతోంది?"

"పందొమ్మిది వందల మిల్లీబార్ల ఒత్తిడి. వస్తోంది పద్దెనిమిది వందల యాభై. బాగుంది బావా."

రెండో మలుపు దాటారు. నర్సమ్మ గేరు తగ్గించింది. ఆవిడ గేరు మార్చిన తీరు మేస్త్రి ఓరగా చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. మూడో మలుపు మొదలైంది. దారి గోడలా లేచింది.

"పందొమ్మిది వందలు అడిగితే పదిహేను వందలు... పదమూడు... పన్నెండున్నర... పోయింది బావా, పడుకుంది!"

మేస్త్రి కళ్ళు గేజ్ మీదే ఉన్నాయి. ముల్లు అణువంత కూడా కదల్లేదు. వాక్యూమ్ నిండుగా ఉంది.

పక్కకు ఆపారు. కింద లోయలో పట్నం అగ్గిపెట్టెల్లా కనిపిస్తోంది. మేస్త్రి ముఖంలో ఒక కఠినమైన తృప్తి వచ్చింది.

"చూశావా? పంపాల్సిన వాక్యూమ్ పంపుతూనే ఉంది. గాలి మాత్రం రావట్లేదు. కొత్త టర్బో కూడా చెడ్డదే. తయారీలోనే ఏదో లోపం."

"అంటే?" అంది నర్సమ్మ. "నాకర్థమయ్యేట్టు చెప్పండి. ఆ గేజ్ దేనికి?"

ఆయన చెప్పాడు. వాల్వు దగ్గర ఎంత బలంగా పీలుస్తోందో ఇది చూపిస్తుందనీ, ఆ పీల్పు గొట్టం గుండా డబ్బాకు చేరుతుందనీ, చేరితే రెక్కలు కదలాలనీ.

"చేరిందని ఎలా తెలుసు?"

"ముల్లు చూపిస్తోంది కదమ్మా."

"ముల్లు మొదట్లో కదా ఉంది." ఆవిడ స్టీరింగు మీద చేతులు పెట్టి ఆయన వైపు తిరిగింది. "మేస్త్రీ, రోగికి సెలైన్ ఎక్కట్లేదనుకోండి. సీసా నిండుగా ఉందని నేను సంబరపడను. సూది దగ్గర్నుంచి వెనక్కి వెతుక్కుంటూ వస్తాను. ఎక్కువసార్లు రోగి తన మోచెయ్యి కిందే గొట్టం వేసుకుని పడుకుని ఉంటాడు."

మేస్త్రి కిటికీలోంచి బయటికి వెళ్ళిన సన్న గొట్టాన్ని చూపుతో వెంబడించాడు.

"టర్బో వైపు చోటు ఇరుకు," అన్నాడు మేస్త్రి చివరికి. "చెయ్యి పట్టదు."

"చెయ్యి పట్టకపోవడం కాదు నర్సమ్మా," అన్నాడు వెనక నుంచి బావమరిది. "అక్కడ కట్టు విప్పాలి. మా బావ కట్టిన కట్టును మా బావే విప్పడు. అంత భక్తి."

అది నిజం కావడం వల్ల మేస్త్రికి కోపం రావడానికి కూడా వ్యవధి చాలలేదు. వాల్వు దగ్గర కొలవడానికి ఆయనకున్న కారణం ఒక్కటే: అక్కడ కొలవడం సులువు. టర్బో వైపు గొట్టం ఆయన వరసగా బిగించిన పని; దాన్ని కొలవాలని ఆయనకు తట్టలేదు. ఎందుకంటే అది తనది.

ఆ మధ్యాహ్నం చివరి టై ఒక్కటి కోసి, గేజ్‌ను డబ్బా పక్కకు మార్చి మళ్ళీ కొండెక్కారు. మొదటి మలుపులో ముల్లు నిండుగా ఉంది. రెండో మలుపులో వణికింది. మూడో మలుపులో గేరు మార్చేటప్పుడు సున్నాకు దిగిన ముల్లు, వాలు లేచాక చచ్చినట్టు అక్కడే ఉండిపోయింది. వాల్వు దగ్గర బయల్దేరిన వాక్యూమ్ మూరెడు దూరం ప్రయాణం చేయలేక మధ్యలో ఎక్కడో చనిపోతోంది. ఆ మూరెడులో ఉన్నది నాలుగు నెలల కిందట, పాతవి బీటలు వారాయని, ఆయనే వేసిన కొత్త గొట్టం. మొదటి ఫిర్యాదు వచ్చింది ఆ పని జరిగిన రెండు నెలలకు. ఈ రెండు తేదీలూ ఆయన షెడ్డులోని కార్డుల్లోనే పక్కపక్కన ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చదివే పని మాత్రం జరగలేదు.

గురువారం పొద్దున బావమరిదిని స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. చక్రాలకు ముందూ వెనకా దుంగలు పెట్టి, హ్యాండుబ్రేకు లాగించి, తాను పక్కగా నిలబడి టార్చి వేశాడు.

"మొదటి గేరు వెయ్యి. క్లచ్ కొంచెం కొంచెంగా వదులు. బండి కదలాలని చూస్తుంది, కదలనివ్వకు."

"నా పెళ్ళప్పుడు అక్క నన్ను పట్టుకున్నట్టు పట్టుకోవాలన్నమాట."

"వదులు!"

ఇంజను గుర్రుమంది. ముందుకు పోలేని బలం దానిమీదికే తిరిగి, ఆ ఇనుపముద్ద తన రబ్బరు దిమ్మల మీద రెండు వేళ్ళంత వెనక్కి వాలింది. వాల్వు బాడీకి బిగించి ఉంది, అది కదలదు. డబ్బా ఇంజనుకు బిగించి ఉంది, అది కదులుతుంది. ఆ రెంటి మధ్య గొట్టాన్ని ఆయన వైర్ల వెంట తాడు లాగినట్టు తిన్నగా, వీసమెత్తు వదులు లేకుండా బిగించాడు. ఇంజను వాలగానే గొట్టం సాగింది. రెండో టై దగ్గర, వేడికి మెత్తబడిన రబ్బరు నోరు మూసుకున్నట్టు చదునైపోయింది.

"ఇంకొకసారి," అన్నాడు.

మళ్ళీ చదునైంది.

"ఇంకొకసారి."

"బావా, క్లచ్ వాసన వస్తోంది. ఏమైనా కనిపించిందా లేదా?"

"కనిపించింది. ఆపు."

టార్చి ఆర్పి అక్కడే నిలబడ్డాడు. ఇంధనం గొట్టం వేసేటప్పుడు కదిలేదానికీ కదలనిదానికీ నడుమ కాస్త వదులు విడవాలని తనకు తెలుసు. ఎందరికో చెప్పాడు కూడా. ఇక్కడ ఎందుకు విడవలేదు? వదులుగా వేలాడే గొట్టం చూడ్డానికి బాగుండదని. కొత్త టర్బో వేసినప్పుడు టైలు కోసి కొత్తవి వేశాడు. గొట్టం మళ్ళీ ఒదిగి, మెత్తబడి, చదునవడానికి పట్టిన వ్యవధే ఆ మూడు బాగున్న వారాలు. దాన్నే తన వైద్యం ఫలించిందనడానికి సాక్ష్యంగా తీసుకున్నాడు. మలుపులో ఏదో ఉందన్న వీధివాళ్ళకూ, తన చేతిలో తప్పు ఉండదన్న తనకూ సాక్ష్యాల విషయంలో ఆట్టే తేడా లేదని ఆయనకు తోచింది. వాళ్ళు కనీసం మలుపు దాకా వెళ్ళి చూశారు.

తీసేసిన పాత టర్బో బెంచీ కింద గుడ్డలో చుట్టి ఉంది. దాని కడ్డీని వేలితో కదిపి చూశాడు. కొంచెం బిర్రుగా ఉన్నట్టు అప్పట్లో అనిపించింది. ఇప్పుడు అలా ఏమీ అనిపించలేదు.

కొత్త గొట్టం తెచ్చి, నడుమ పాము చుట్టలా చిన్న వంపు వదిలి వేశాడు. సాయంత్రంలోగా మూడుసార్లు కొండెక్కి దిగారు. మూడుసార్లూ ముల్లు నిలిచింది, గాలి అడిగినంత వచ్చింది. నర్సమ్మ మూడో మలుపు దాటాక గట్టిగా ఊపిరి వదిలింది గానీ పొగడలేదు.

"కారణం చెబుతానన్నారు."

"కాగితం మీద రాసిస్తానమ్మా. రేపు నేనూ వస్తాను ఆఫీసుకు."

ఆ రాత్రి షెడ్డులో ఆయన కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే బావమరిది వచ్చి భుజం మీదుగా తొంగిచూశాడు.

"గొట్టం పాడైంది, మార్చాం అని రాయి బావా. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు."

"లేదు."

"మరి?"

"గొట్టం పాడైందంటే ఆఫీసరు ఏమడుగుతాడు? కొత్త గొట్టం మాత్రం పాడవదా అంటాడు. నేనేం చెప్పను? కిందటిసారి టర్బో పాడైందన్నాం. దానికి ముందు గాలి ఫిల్టరులో దుమ్మన్నాం. ప్రతిసారీ ఏదో ఒక వస్తువు పేరు చెప్పాం. వస్తువు పేరు చెబితే అది మళ్ళీ పాడవదన్న హామీ ఎక్కణ్ణుంచి వస్తుంది? చేసిన పని పేరు చెప్పి, ఆ పని ఇక చెయ్యనంటేనే అది హామీ."

"వీధంతా నవ్వుతుంది బావా. ఇస్త్రీ పెట్టె అంటుకుని చొక్కా కాలిందంటారు."

"నువ్వే ముందు అన్నావుగా. ఇక వాళ్ళకేం మిగిలింది?"

బావమరిది తల గోక్కుని, కాసేపటికి స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. "సరే, రాయి. ఆ గుండ్రటి అక్షరాలు కాస్త పెద్దగా రాయి. ఆ ఆఫీసరు కళ్ళద్దాలు పెట్టుకోడు."

శుక్రవారం ఆఫీసరు నిజంగానే కాగితాన్ని చేతి పొడవునా దూరం పట్టుకుని చదివాడు. ఒకసారి చదివి నర్సమ్మ వైపు చూశాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. వాహనం మొరాయించడానికి కారణం టర్బో కాదనీ, నడిపిన తీరు కాదనీ, తన షెడ్డులో తాను గొట్టానికి వేసిన కట్టు అనీ, ఇంజను వాలినప్పుడు అది వాక్యూమ్‌ను మూసివేసిందనీ, గేజ్ రెండు చోట్ల చూపిన అంకెలతో సహా రాసి, కింద మేస్త్రి సంతకం పెట్టి ఇచ్చాడు.

"ఇలా రాసిచ్చినవాణ్ణి నేను చూడలేదు," అన్నాడు ఆఫీసరు. "రేపు మీ షెడ్డుకు ఎవరైనా వస్తారంటారా?"

"చెప్పలేను సార్. బండి మాత్రం ఆగదు."

"డ్రైవింగు తప్పు కాదని రాశారు. అది మీకెలా తెలుసు?"

"ఐదుసార్లు పక్కన కూర్చున్నాను. నాకంటే బాగా నడుపుతారు."

నర్సమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఆఫీసరు కలం తీసి, పాత ఉత్తరం మూల మీద రెండు ముక్కలు రాసి సంతకం చేశాడు. కొండ మీది ఎనిమిది ఊళ్ళూ ఆవిడ దగ్గరే ఉండిపోయాయి. ఆవిడ గోడ గడియారం చూసుకుని, "పదకొండుకల్లా పైన ఉండాలి, వెళ్తున్నా మేస్త్రీ," అని సంచీ అందుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, "గేరు ముందే మార్చమంటారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

మేస్త్రి కూడా లేవబోయాడు.

"ఒక్క నిమిషం." ఆఫీసరు కాగితం ఇంకా వదల్లేదు. "ఈ కట్టు ఈ ఒక్క కారుకే కట్టారా?"

లేవబోయిన మేస్త్రి మళ్ళీ కూర్చున్నాడు. ఆ ప్రశ్న ఆయన వేసుకుని ఉండవలసింది. మూడు రోజులుగా ఒక కారు, ఒక గొట్టం, ఒక టై చుట్టూనే ఆయన బుద్ధి తిరిగింది. గొట్టాలు మార్చిన ప్రతిసారీ ఆయన చెయ్యి అదే తీరుగా కట్టింది; చెయ్యి ఒకచోట ఒకలా మరోచోట మరోలా కట్టదు కదా.

"లేదు సార్. ఇంకా ఉంటాయి. ఎన్నో ఇప్పుడు చెప్పలేను. కార్డులన్నీ తిరగేసి చెబుతాను."

"మా అంబులెన్సులు రెండు కూడా పోయిన వేసవిలో మీ దగ్గరికే వచ్చాయి."

"వచ్చాయి."

"వాటికి ఏ ఫిర్యాదూ లేదు."

"అవి కొండెక్కవు సార్. ఇన్నాళ్ళూ ఎక్కలేదు, అంతే."

ఆఫీసరు వేలితో వెనక ఆవరణ చూపించాడు. మేస్త్రి మెట్లు దిగి ఎండలోకి నడిచాడు. నీడలో నిలిపిన తెల్లటి అంబులెన్సు పక్కన డ్రైవరు పేపరు చదువుతున్నాడు.

"ఏం మేస్త్రీ, పిలవకుండానే వచ్చావ్? బండి బ్రహ్మాండంగా ఉందిగా."

"అందుకే వచ్చాను. బానెట్ ఎత్తు."